జూన్ ఒకటిన పుట్టినవాళ్లం

ఆ రోజు ఫాక్‌లాండ్ రోడ్డులో బస్సెక్కితే, పక్క సీట్లో ఒక తెలుగు పిల్ల ల్యాప్‌టాప్ చూస్తూ గోళ్లు కొరుక్కుంటోంది. అడిగితే చెప్పింది: నేనుండే కామాటిపుర చాల్‌లో, ఆ ఒంటిగదుల పాత భవనంలో ఉండేవాళ్లకు కొత్త గదులిచ్చే జాబితా అది. రెండు సర్వేలు కలిపితే మనుషులు తగ్గిపోయారట. గంటలో ఇచ్చెయ్యాలట. నేను జరిగి ఆ తెర మీదికి వంగాను.

"కంప్యూటర్ ఆఫీసుల పెద్ద సాబ్‌ను బిడ్డా, నాకు చూపెట్టు," అన్నాను. నిజానికి అక్కడ లిఫ్టు నడిపేవాణ్ని.

"ఒకటే పేరు, ఒకటే పుట్టిన తారీకు ఉంటే ఒక్క మనిషే అనుకుంటది తాతా, ఈ ప్రోగ్రాం."

"అయ్యో! మేమందరం జూన్ ఒకటినే పుట్టినం. బడిల చేర్చుకుంటప్పుడు సారు అట్లనే రాసిండు. నాతోని కలిపి మల్లేశులే ఆరుగురం!"

ఆమె గది నంబరు కూడా చేర్చి మళ్లీ లెక్కపెట్టించింది. ఆరుగురమూ వచ్చాం.

"మరి నిజంగ ఎప్పుడు పుట్టినవ్ తాతా?" అంది నవ్వుతూ.

దానికి అబద్ధం కూడా తోచలేదు. ఇప్పటికీ తోచదు.