ఎనిమిది వారాల ఆఫ్ఘనిస్తాన్

మా చుట్టాల్లో పెళ్లి జరిగినా, పుట్టువెంట్రుకలు తీసినా, ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుంటారు. అక్క కంప్యూటర్‌లో ఏందో చదివి, భయపడి, తమ్ముణ్ణి ఆఫ్ఘనిస్తాన్ పోనీకుండా ఆపింది అని. సగం మంది నన్ను మెచ్చుకుంటూ చెబుతారు. తక్కిన సగం మంది, వాడి నోటికాడి కూడు తీసినానని చెబుతారు. రెండు జట్లకూ నా జవాబు ఒకటే. నేను భయపడలేదు, వాణ్ణి ఆపలేదు. పో అని మా ఇంట్లో మొట్టమొదట అన్నదాన్ని నేనే.

ఇది రెండువేల ఏడులోనో ఎనిమిదిలోనో జరిగింది. నేను కర్నూలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతుండేదాన్ని. తమ్ముడు బేతంచెర్లలో కంకర మిషన్ మీద సూపర్‌వైజరు. ఏ రాయి ఎట్లా పగులుతుందో, ఏ కంకర ఏ రోడ్డుకు ఆగుతుందో వాడికి చేత్తో తాకితే చాలు. ఆఫ్ఘనిస్తాన్‌లో రోడ్డు వేస్తున్నారు, కంకర పని తెలిసినవాళ్లు కావాలని హైదరాబాదు ఏజెంటు ఒకడు అడిగితే సరే అన్నాడు. పాస్‌పోర్టు వచ్చింది, మెడికల్ అయింది. మా మరదలు మాట్లాడడం మానేసి కమలాపురంలో పుట్టింటికి పోయి కూర్చుంది. అమ్మ నా మీద పడింది. చదివినదానివి, పోవచ్చునో కూడదో నువ్వే తేల్చు అని.

చదివినదాన్నే. కానీ నేను చదివింది మన రాజ్యాంగం. పేపరు చూస్తే బాంబు పేలిందని, ఇంతమంది పోయినారని ఉంటుంది. ఎవరికి ఎవరు ఎదురో, ఎందుకు ఎదురో ఉండదు. మా కాలేజీ కంప్యూటర్ల గదిలో వెతికితే ఒక విదేశీ యూనివర్సిటీ వాళ్ల కోర్సు కనిపించింది. ఆ దేశం రాజకీయాల మీద ఎనిమిది వారాలు, ఫీజు లేదు, ఉన్న చోటే కూర్చుని చదువుకోవచ్చు. చెప్పేది అక్కడ శానా ఏండ్లు ఉండి పరిశోధన చేసిన ఒకావిడ. వారానికొక పాఠం రికార్డు చేసి పెడుతుంది, మనం రాసినదానికి తనే జవాబు రాస్తుంది. మా ఆయన, ముందు మన వీధి కొళాయి కాడ ఏ పార్టీ నెగ్గుతుందో చెప్పు, కాబూల్ సంగతి తర్వాత చూద్దువు అన్నాడు. కొళాయి కాడ నేనే నెగ్గుతానని చెప్పి, పేరు రాసుకున్నాను.

ఆవిడ యాస నాకు సగమే అర్థమయ్యేది. ఆ సగాన్ని కూడా మన కరెంటు పూర్తి కానిచ్చేది కాదు. అందుకని పాఠంతోపాటు పెట్టే రాతప్రతిని అచ్చు తీసుకుని స్టాఫ్ రూములో చదివేదాన్ని. మూడు వారాల్లో నాకు తెలిసిందేమంటే, పేపర్లు చూసి నేను ఒకే యుద్ధం అనుకున్నది ఒకటి కాదని. ఒక్కో జిల్లాకు ఒక్కో నాయకుడు, వాని వెనక వాని తెగ, వాని బావమరుదులు. నిన్న కొట్టుకున్నోళ్లు ఇయ్యాల ఒకే ప్రభుత్వంలో కూర్చుంటారు. ఏయే దేశాలవాళ్లో నాతోపాటు చదివేవాళ్లు, తల తిరిగిపోతాంది అని రాసేవాళ్లు. ఇందులో తిరగడానికేముంది? నేను పుట్టింది ఓర్వకల్లు దిక్కు ఒక ఫ్యాక్షన్ ఊర్లో. రెండు పార్టీలు, రెండు వీధులు, అప్పుడప్పుడూ పెద్దమనుషుల రాజీలు. ఎవరింటి ముందర నడవకూడదో అక్షరాల కన్నా ముందు నేర్చుకున్నోళ్లం.

నాలుగో వారం ఆవిడ ఒక పని ఇచ్చింది. కల్పించిన ఒక జిల్లా, ఇద్దరు నాయకులు, కొత్తగా పడే రోడ్డు, బయటినుంచి వచ్చిన పనివాళ్లు. ఆ పనివాళ్లకు అపాయం ఎంత? ఈ ప్రశ్న నా కోసమే అడిగిందనుకుని ఆరు పేజీలు దంచినాను. మా ఊరి బస్సు సంగతి రాసినాను. నాకు పన్నెండేండ్లప్పుడు అమ్మ, నేను, తమ్ముడు పోతున్న బస్సును కొండ మలుపు కాడ కొందరు ఆపినారు. చేతుల్లో సంచులు, సంచుల్లో నాటుబాంబులు. ఒకడు ఎక్కి వరసగా ప్రతి ముఖమూ చూసినాడు. వాళ్లకు కావలసిన మనిషి లేడు. పోతా పోతా, పిల్లోడు ఉక్కకు తల్లడిల్తాండాడు, కిటికీ తెరువమ్మా అని మా అమ్మతో చెప్పి మరీ దిగినాడు. కాబట్టి ఫ్యాక్షన్ మనిషి ముఖం చూసి చంపుతాడు, ఏ పార్టీకీ చెందనివాడి జోలికి పోడు, బయటి పనివాళ్లకు అపాయం తక్కువ అని తేల్చినాను.

అది పంపిన ఆదివారమే తమ్ముడికి ఫోన్ చేసినాను. పోరా, నీకేం కాదు, నువ్వు ఎవరి మనిషివీ కాదు అన్నాను. అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

వారానికి ఆవిడ జవాబు వచ్చింది. ముందు మెచ్చుకుంది. తర్వాత రాసింది: మీ బస్సు ఆపినవాళ్లకు మీ ముఖాలు తెలుసు, ఈ జిల్లాలో పనివాళ్ల ముఖాలు ఎవరికీ తెలియవు. ఆపేవాడు బండి ఎవరిదో, ఏ పనికి వచ్చిందో చూస్తాడు. రోడ్డు వేసేవాడు ఏ పక్షమూ కాదని అనుకుంటున్నది మీరా, వాళ్లా?

నాకు మండింది. రోడ్డు అందరిదీ అని, మా వైపు ఎంత కరుడుగట్టినోడైనా బడిపంతుల్నీ డాక్టరునూ ముట్టడని మూడు మార్లు తిరిగి రాసినాను. మూడోసారికి ఆవిడ ఒక్క ముక్క రాసింది. "మీ ఊరికి రోడ్డు వేసినప్పుడు ఏం జరిగింది?"

రోడ్డు పై వీధి దాకా వచ్చి ఆగింది. అదీ జరిగింది. పై వీధి గెలిచిన పార్టీది. కింది వీధోళ్లు రోలరును తగలబెట్టి, దాన్ని నడిపే మనిషి చెయ్యి విరగ్గొట్టినారు. ఆయన యాడినుంచో పనికి వచ్చినోడు, పేరు కూడా మాకెవరికీ తెలియదు. మా వాకిట్లో కూర్చుని నీళ్లు తాగినాడు. అప్పుడు నాకు పదిహేనేండ్లు. పన్నెండేండ్లప్పటి బస్సు గుర్తుండి, పదిహేనేండ్లప్పటి రోలరు ఎట్లా మరిచిపోయినాను? బస్సు కథలో మా ఊరోళ్లు మర్యాదస్తులు, అందుకని. పైగా మా ఇల్లు పై వీధిలోనే. ఆ తారు మీదనే నేను కాలేజీకి పోయినాను.

అప్పుడు ఆవిణ్ణే దాపరికం లేకుండా అడిగినాను, మా తమ్ముడు పోతున్నాడు, పోవచ్చునా అని. నేను చెప్పలేను అంది. రోడ్డు ఎవరి నేలమీద పోతుందో, దానికి ఎవరు ఒప్పుకున్నారో, పనివాళ్లకు కాపలా ఎవరో కనుక్కోమంది. ఇన్నేండ్లు చదివి పో, వద్దు అనే ఒక్క మాట చెప్పలేని చదువు ఎందుకని తిట్టుకున్నాను. ఆవిడదే సరి అని ఇప్పుడు ఒప్పుకుంటాను. నా కోపం తప్పని మాత్రం ఒప్పుకోను.

శనివారం బస్సెక్కి బేతంచెర్ల పోయినాను. వాడు మిషన్ ఆపించి, దుమ్ము కొట్టుకుని నెరిసిన తలతో వచ్చినాడు. వద్దు అనే మాట నా నోట రాలేదు. నేను ముందు చెప్పింది తప్పు, రోలరును మరిచి చెప్పినాను, ఏజెంటును ఈ మూడు సంగతులు అడుగు, ఆ పైన నీ ఇష్టం అన్నాను.

వాడు తువ్వాలతో తల దులుపుకున్నాడు. "రోలరు నాకు గుర్తుండాదిలే అక్కా. ఆయప్పకు నీళ్లు ముంచిచ్చింది నేనే గదా."

"గుర్తుండి కూడా ఎందుకు పోతాండావురా?"

"నువ్వు పొమ్మంటివి గదా."

"నేను పొమ్మనకముందే పాస్‌పోర్టు తెచ్చుకుంటివి."

వాడు మిషన్ వేయమని అవతలివాళ్లకు సైగ చేసినాడు. ఆ మోతలో ఇంక ఏం మాట్లాడేది?

పది దినాలకు మరదలు ఫోన్ చేసి, ఏజెంటుకు రానని చెప్పేసినాడు వదినా అంది. ఆ మూడు సంగతులు అడిగినాడా అంటే తెలియదంది. నేను మిగిలిన పాఠాలు చదివి, ఆ ఆరు పేజీలు కొట్టేసి రోలరుతో మొదలుపెట్టి మళ్లీ రాసి, కోర్సు పూర్తి చేసినాను. సర్టిఫికెట్టు బీరువాలో ఉండాది.

వాడు మాత్రం అడిగిన ప్రతివాడికీ అక్క వద్దనింది అనే చెబుతాడు, నా ముఖం ముందర కూడా. కాదంటే నవ్వుతాడు. రోలరు మనసులో పెట్టుకునే బయలుదేరినోడు, నేను వద్దనకపోయినా ఆగినాడు. భయమైతే భయమని చెప్పొచ్చు, చెయ్యి విరిగినోణ్ణి కళ్లారా చూసినోడు, ఎవరూ నవ్వరు. పెండ్లాం కోసమైతే ఆ మాట విని ఆ పిల్ల ఎంత సంతోషపడేది. రెండూ చెప్పడు. ఒరే, నువ్వు నిజంగా ఎందుకు ఆగినావురా, అది చెప్పకుండా ఇన్నేండ్లుగా నా పేరు ఎందుకు చెప్తాండావు?