కాగితాలు తూచిన పిల్ల

మా జిరాక్స్ కొట్టులో నాలుగేళ్ళు పనిచేసిన వాసంశెట్టి హైమవతి, పై చదువు దరఖాస్తులో 'పని అనుభవం' అన్న గడిలో 'ఏమీ లేదు' అని కొట్టింది. ఆ కంప్యూటరు నాది, కూర్చున్న కుర్చీ నాది, పక్కనున్న టీ కూడా నేను తెప్పించిందే. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

"ఏమ్మాయ్, నాలుగేళ్ళ నించీ నా కొట్లో ఏం చేత్తన్నావు మరి? పేకాడుతున్నావా?" అన్నాను.

"అది ఉద్యోగం కింద రాదు బాబాయ్. కంపెనీ ఉండాలి, మెళ్ళో కార్డుండాలి."

"కార్డేగా. లామినేషను మిషను మనదే. ఎన్ని కావాలో చెప్పు."

నవ్వేసింది గానీ గడిలో మాట మార్చలేదు. ఆ పిల్ల తప్పని కూడా అనలేను. మా కాకినాడలో కొట్లో పనిని పనిగా ఎవరు లెక్కేస్తారు? 'ఖాళీగా ఉండలేక వెళ్తోంది' అంటారు, అంతే.

కాలేజీ గేటుకి ఎదురుగా మాది రెండు గదుల కొట్టు. హైమ ఆ కాలేజీలోనే మెకానికల్ ఇంజనీరింగు చదివింది. వాళ్ళ నాన్న పోర్టులో క్రేన్ నడుపుతాడు. కాలేజీలో చేరిన కొత్తలో ఏవో నోట్సు కాపీలకి వచ్చి, కాగితాలు తీసుకుని వెళ్ళకుండా చెవి ఇటు పెట్టి నిలబడింది. "బాబాయ్, మీ మిషను చప్పుడు తేడాగా ఉంది. లోపల రోలరు అరిగిందేమో చూడండి" అంది. నీకెందుకమ్మా అని విసుక్కున్నాను. మూడో రోజుకి మిషను మూలపడింది. నాలుగో రోజు సాయంత్రం హైమ నా కొట్లో పనికి కుదిరింది.

జిరాక్స్ ఒక్కటే కాదు, మా వీధిలో అసలు గిరాకీ ఉత్తరాలది. విదేశం వెళ్ళే ప్రతి పిల్లాడికీ 'ఇతను మహా బుద్ధిమంతుడు' అని మాస్టార్లు సిఫార్సు ఉత్తరం ఇవ్వాలి. మాస్టార్లకి తీరికెక్కడిది? పిల్లలే తమని తాము పొగుడుకుంటూ రాసుకుని పట్టుకెళ్తారు, మాస్టార్లు సంతకం పెడతారు. సొంతంగా పొగుడుకోవడం చేతకానివాళ్ళు హైమ దగ్గరికొస్తారు. 'ఈ చదువు నేనెందుకు చదవాలనుకుంటున్నాను' అనే వ్యాసం కూడా ఈవిడే రాసిపెట్టేది. 'ఆరేళ్ళ వయసులో మా ఇంట్లో టేబుల్ ఫ్యాను విప్పి మళ్ళీ బిగించాను' అన్న మొదటి వాక్యం ఈ పిల్ల కల్పించిందే. అందరికీ నచ్చింది. ఆ లెక్కన మా ఊళ్ళో పిల్లలు విప్పని ఫ్యాను లేదు. మరి ఎండాకాలం అందరికీ గాలెలా ఆడిందో ఆ దేవుడికే తెలియాలి.

ఊరందరికీ రాసిన పిల్లకి తన వంతు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. జర్మనీలో మిషన్ల చదువు ఎమ్మెస్సా, ఇంగ్లండులో ఎంబీయేనా? రెండింటికీ రాసి చూద్దామంటే తోలేటి మాస్టారు పడనివ్వరు. ఆయన సంతకం లేకపోతే మెకానికల్ వాళ్ళకి దారి లేదు. చదవకుండా సంతకం పెడతారు గానీ ఆయనకో నియమం ఉంది. మనిషికి ఒకే ఉత్తరం, ఒకే చదువుకి. రెండు కావాలంటే, "పెళ్ళికి రెండు ముహూర్తాలు పెట్టుకో నాయనా, పెళ్ళికూతుళ్ళని మాత్రం ఇద్దర్ని తేకు" అంటారు. శనివారం లోపు ఏదో ఒకటి పట్టుకెళ్ళాలి. ఆ తర్వాత ఆయన పదవీ విరమణ చేసి అన్నవరం వెళ్ళిపోతారు.

ఇంట్లో ఎంబీయే అన్నారు. "ఆడపిల్లవి, జర్మనీ పోయి కూడా నూనె చేతులేనా" అందిట తల్లి. స్నేహితులూ ఎంబీయే అన్నారు. మా కొట్టు వైపు చూపించి వీధి వీధంతా అదే మాట. "భద్రం గారి కొట్టు నడిపేది ఆ పిల్లే కదా, నోరున్న పిల్ల, మేనేజరు కాక ఏమవుతుంది?"

"మరి నీకేముంది మనసులో?" అని అడిగాను.

"ఎమ్మెస్‌కి వ్యాసం రాయలేకపోతున్నాను బాబాయ్. ఎప్పుడు మొదలెట్టినా ఫ్యానే వస్తోంది. నేను చిన్నప్పుడు ఏమీ విప్పలేదు. మా ఇంట్లో ఫ్యాను మీద చెయ్యేస్తే నాన్న వీపు విమానం మోత మోగించేవాడు. అబద్ధం రెండొందల మందికి రాశాను, నాకు రాసుకోలేను."

"ఎంబీయేకి?"

"దానికి తేలిగ్గా వచ్చేస్తోంది" అంది, అదేదో రోగం పేరు చెప్పినట్టు.

ఆ ఎంబీయే దరఖాస్తులోనే పని అనుభవం గడి ఉన్నది. శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ దాని ముందే కూర్చుని పెన్ను కొరుకుతోంది. అనుభవం లేకపోతే సీటు కష్టమట.

"నేనిస్తాను సర్టిఫికెట్టు. కొట్టు మొదలెట్టి పంతొమ్మిదేళ్ళయింది, ఆ మాత్రం హక్కు లేదా నాకు? నేను చెప్తాను, నువ్వు ఇంగ్లీషులో కొట్టు" అన్నాను.

"ఎలా రాయాలో నాకు తెలుసు కద బాబాయ్, నేనే..."

"నోరు ముయ్యి. నా కొట్టు పేరు మీద ఫ్యానులు ఎగరవు. నిజమే వెళ్ళాలి. కొట్టు."

కొట్టడం మొదలెట్టింది. నేను లేచి నిలబడ్డాను, కూర్చుంటే నాకు మాట రాదు.

"ఈ అమ్మాయి నాలుగేళ్ళు నా దగ్గర పనిచేసింది. రోజూ ఆలస్యంగా వచ్చేది."

"బాబాయ్."

"కొట్టమన్నానా? గిరాకీ నిలబడి అరుస్తున్నా పలికేది కాదు. పరీక్షల ముందు రోజు అరవై మంది వరసలో ఉంటే మిషను మూత తీసి లోపల తల పెట్టుకుంది. ఎందుకమ్మా అంటే చప్పుడు మారిందంది. జనం పక్క కొట్టుకి పోయారు. కన్నీళ్ళు పెట్టుకున్న ప్రతివాడికీ ఊరికే కాపీలు తీసిచ్చింది. కొట్టు నడిపింది నేను. ఈ అమ్మాయి నడిపిందని వీధిలో అనుకుంటారు, అది వీధి తెలివి."

హైమ మొహం ఎర్రబడింది. "ఇది చూస్తే నాకు సీటిస్తారా ఎవరన్నా? పరువు తీస్తున్నారు" అంది.

"ఇంకా అవలేదు. వానాకాలం సముద్రపు చెమ్మకి మా కాగితాలు మెత్తబడి మిషన్లో ఇరుక్కుంటాయి. అది అందరి కొట్లలోనూ ఉన్న బాధే. ఈ అమ్మాయి కాగితాల పెట్టెలో ఒక బల్బు పెట్టింది. అంతవరకూ ఎవడైనా పెడతాడు. ఎంతసేపు వెలిగించాలో తేల్చాలని వాళ్ళ మావయ్య దగ్గరున్న కంసాలి త్రాసు పట్టుకొచ్చి, పొద్దున్నా సాయంత్రం కాగితాలు తూచింది. ఒకరోజు కాదు, రెండు నెలలు. తూచింది తూచినట్టు పుస్తకంలో రాసింది. ఎక్కువ ఆరితే కాగితం వంకర పోతుందని కనిపెట్టింది. ఇప్పుడు మా వీధిలో ఏడు కొట్లలో ఆ పెట్టెలే ఉన్నాయి. తూచేటప్పుడు నేను పిలిస్తే వినపడేది కాదు. అందుకు నేను చాలాసార్లు తిట్టాను."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"కొట్టవేం?"

"బాబాయ్, ఇది ఎంబీయే ఉత్తరం కాదు" అంది మెల్లగా.

"నాకేం తెలుసు, నేను పదో తరగతి. నిజం చెప్పమన్నావు, చెప్పాను."

"నేను చెప్పమన్లేదు. మీరే చెప్తానన్నారు."

తర్వాత ఆ పిల్ల ఎంబీయే కాగితాలన్నీ కవర్లో పెట్టి బల్ల కిందకి తోసేసింది. నేను చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో కొట్టింది, ఆలస్యంగా వచ్చేదన్న మాటతో సహా. నేను సంతకం పెట్టి కొట్టు ముద్ర గుద్దాను. పంతొమ్మిదేళ్ళలో నేను రాసిన మొదటి ఉత్తరం అదే.

శనివారం పదింటికి ఇద్దరం తోలేటి మాస్టారి గదికి వెళ్ళాం. అలవాటు ప్రకారం ఆయన పెన్ను మూత తీసి, తలెత్తకుండానే చెయ్యి చాపారు.

"ఏ చదువమ్మా?"

"ఎమ్మెస్ అండి. ఉత్తరం తేలేదండి."

మాస్టారు తలెత్తారు. "తేకపోతే దేనిమీద పెట్టను, అరచేతి మీదా?"

"మీరే రాయండి మాస్టారూ. నా గురించి మీకు తెలిసింది రాయండి. తెలియంది ఇందులో ఉంది" అని నా సర్టిఫికెట్టూ, కాగితాల తూకాల పుస్తకమూ బల్ల మీద పెట్టింది.

ఆయన ముందు నా ఉత్తరం చదివి నావైపు చూశారు. "ఏవయ్యా వీరభద్రం, ఇది సిఫార్సా, పోలీసు ఫిర్యాదా?"

"నిజవేనండి" అన్నాను.

తర్వాత పుస్తకం తిప్పారు. మొదట గబగబా తిప్పారు, తర్వాత నెమ్మదించారు. జులై నెల దగ్గర ఆగి, "ఈ రోజు తూకం కొట్టేసి ఉందేం?" అని అడిగారు.

"ఆ పూట త్రాసు మీద ఈగ వాలిందేమోనని అనుమానం వచ్చిందండి. అందుకని లెక్కలోంచి తీసేశాను."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్పై రెండేళ్ళుగా వేలమందికి సంతకాలు పెట్టాను. రాయమని అడిగినవాళ్ళు లేరు. నేనూ రాస్తానని అనలేదు, నాదీ తప్పే. బయట కూర్చోండి, టైము పడుతుంది" అన్నారు. తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టారు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. లోపల పెన్ను ఆగుతోంది, కదులుతోంది. నాకు దిగులుగానే ఉంది, దాచడం దేనికి. ఇలాంటి పిల్ల మళ్ళీ నాకెక్కడ దొరుకుతుంది? సంతోషం మాత్రం దిగులుని మించి ఉంది.

"బాబాయ్, ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. అన్ని తప్పులు కనిపెట్టి కూడా నాలుగేళ్ళు నన్నెందుకు పనిలో ఉంచారు?" అంది హైమ.

"కాగితాలు తూచేటప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు గదా" అన్నాను. "రోజూ నేను చూసేవాణ్ణి."