శ్యామల టీచర్, నాయకురాలు నాగమ్మ

శ్యామలా నేనూ చొప్పదండిలో ఒకే ప్రైవేటు బడిలో పనిచేశాం. నాది తెలుగు, ఆమెది సోషల్. పెద్దపల్లి దగ్గరి రైతు కుటుంబంలో పుట్టి, డిగ్రీ కాగానే పెళ్లయి మా పక్క ఊరికి కోడలిగా వచ్చింది. భర్త పరశురాములు పెళ్లయిన ఏడాదికే దుబాయి పోయాడు. అత్త కిష్టవ్వ బీడీలు చుట్టేది. శ్యామల పొద్దున్నే వంట ముగించుకుని, కిక్కిరిసిన ఆటోలో ఓ మూల ఇరుక్కుని బడికి వచ్చేది.

ఆమె పాఠం చెబుతుంటే పక్క గదిలో ఉన్న నా పిల్లలు కూడా అటే చెవులు పెట్టేవాళ్లు. రుద్రమదేవి గురించి పుస్తకంలో ఉంది కాబట్టి అందరూ చెబుతారు. శ్యామల అక్కడితో ఆగేది కాదు, నాగమ్మ దగ్గరికి వెళ్లేది. పల్నాటి రాజు నలగాముడి దగ్గర మంత్రిగా చేసిన నాగమ్మ పుట్టింది మన కరీంనగర్ దిక్కేనని పెద్దలు చెప్పుకుంటారు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న ఒక రైతు బిడ్డ, ఎనిమిది వందల ఏళ్ల కింద, ఒక రాజ్యానికి మంత్రి కావడమంటే ఏమిటో ఆలోచించమనేది పిల్లలను.

"రాజ్యం నాదంటే నాదని కొట్లాడుకున్నది ఎవరు?" అని అడిగేది.

"అన్నదమ్ములు టీచర్!"

"మరి పల్నాడు ఎవరివల్ల నాశనమైందంటరు?"

పిల్లలు కొంచెం తడబడి "నాగమ్మ వల్ల" అనేవాళ్లు.

"నాగమ్మ మంచిదని నేను చెప్తలేను. ఆమె కూడా ఎత్తులు వేసింది. కానీ ఎత్తులు వేసిన మొగోన్ని తెలివైన మంత్రి అంటరు. ఆమెను మాయలాడి అంటరు. ఎందుకో ఇంటికి పోయి ఆలోచించుండ్రి."

ఆ పిల్లల్లో శ్యామల అత్తగారి ఊరి పెద్దమనిషి హనుమండ్లు మనవరాలు కూడా ఉండేది.

పరశురాములు నడుము నొప్పితో దుబాయి నుంచి తిరిగి వచ్చేశాడు. సర్పంచ్ కావాలని అతనికి కోరిక. తీరా రెండు వేల పందొమ్మిది ఎన్నికల్లో ఆ ఊరు బీసీ మహిళలకు రిజర్వయింది. "నువ్వు నిలబడు, నేను చూసుకుంట" అన్నాడు. శ్యామల బడి మానేసి నిలబడింది. చదువుకున్న కోడలని ఆడవాళ్లంతా ఓట్లేశారు. గెలిచింది.

ప్రమాణం చేసిన రోజు నేనూ వెళ్లాను. సంతకం అయ్యీ కాకముందే పంచాయతీ ఆఫీసులో సర్పంచ్ కుర్చీలో పరశురాములు కూర్చున్నాడు. శ్యామలకు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. వచ్చినవాళ్లంతా "సర్పంచ్ సాబ్" అంటూ అతనికే దండలు వేశారు. తిరిగి వస్తుంటే గేటు దగ్గర శ్యామల నా చేయి పట్టుకుని నవ్వింది.

"రుద్రమ మొగపేరుతోని రాజ్యమేలిందక్కా. మా ఊళ్లె మొగోడు నా పేరుతోని ఏలుతుండు."

అప్పటికి ఆ నవ్వులో బాధ లేదు. మెల్లగా పని తన చేతిలోకి తెచ్చుకోవచ్చని ఆమె నమ్మకం.

మూడో ఏట సారక్క భర్త వెంకటి చనిపోయాడు. సారక్క కిష్టవ్వతో కలిసి బీడీలు చుట్టే మనిషి. వెంకటి బెల్టు షాపులో తాగి, పొలం మీదుగా ఇంటికి వస్తూ చుట్టుగోడ లేని బావిలో పడ్డాడు. అంతకుముందు కూడా ఆ షాపు ఇద్దరు ముగ్గురి ప్రాణాలు తీసింది. దాన్ని నడిపే హక్కును ఏటా వేలం పాడించేది ఊరి అభివృద్ధి కమిటీ. వేలం సొమ్ముతోనే గుడికి రంగులు, పండుగకు టెంట్లు. కమిటీ పెద్ద హనుమండ్లు.

దినాలు కాగానే సారక్క వచ్చి శ్యామల వాకిట్లో కూలబడింది.

"నువ్వు సర్పంచువు గదా చెల్లె. నాకింక ఇద్దరు కొడుకులున్నరు. ఆ దుకాణం బందు పెట్టియ్యరాదు."

ఆ మాటను శ్యామల తప్పించుకోలేకపోయింది. గ్రామసభ పెట్టించింది. మొదటిసారి కుర్చీలో తానే కూర్చుంది. షాపు మూసేయాలని తీర్మానం చదివితే ఆడవాళ్లు గది పట్టనంత మంది చేతులెత్తారు. మర్నాడు అందరూ కలిసి వెళ్లి షాపుకు తాళం వేశారు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతు పట్టరానంత సంతోషంతో ఉంది.

తాళం వారం కూడా నిలవలేదు. హనుమండ్లు కమిటీని కూర్చోబెట్టి ఊళ్లో డప్పు చాటింపు వేయించాడు. సర్పంచ్ ఇంటితో ఎవరూ మాట్లాడొద్దు. సరుకులు అమ్మొద్దు, పొలానికి ట్రాక్టరు పంపొద్దు, కూలికి పోవద్దు. మాట తప్పినవాళ్లకు జరిమానా.

చేతులెత్తిన ఆడవాళ్లు తలుపులు వేసుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్ల పొలాలకూ ట్రాక్టర్లు కావాలి. సారక్క బీడీల చేట ఎత్తుకుని ఇంకో వాకిట్లోకి మారింది. దారిలో శ్యామల ఎదురైతే తల దించుకుని పోయేది. శ్యామల మండలానికి వెళ్లి ఒక అధికారికి చెప్పుకుంది. "ఊరి ముచ్చట ఊళ్లెనే మాట్లాడుకోవాలమ్మా" అని ఆయన ఫ్యాను వేగం పెంచుకున్నాడు.

పరశురాములు ఇంట్లో చిందులు తొక్కాడు. "నా ఇజ్జత్ తీసినవ్. నేను లేకుంట సభ పెట్టుమని నీకెవరు చెప్పిన్రు?"

"పదవి నాది" అంది శ్యామల.

"పదవి నీది, ఊరు నీది కాదు."

అతని మాటలకు ఆమె చలించలేదు. కోత మిషను రాక మడిలో వరి గింజ రాలినా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది అత్త సంగతి. కిష్టవ్వ జీవితమంతా నలుగురు ఆడవాళ్ల మధ్య ముచ్చట్లు చెప్పుకుంటూ బీడీలు చుట్టిన మనిషి. ఒక్కతే గోడకు ఆనుకుని కూర్చునేది. చుట్టిన బీడీ చేతిలో అలాగే ఉండిపోయేది. తిండి తగ్గింది.

"మాట్లాడే మనిషి లేక నా పానం పోతున్నది బిడ్డా" అంది ఒకనాడు కోడలి చేయి పట్టుకుని. "నువ్వు చేసింది తప్పని నేనంటలేను. నా కోసం పోయి తప్పయిందని చెప్పు."

శ్యామల వెళ్లింది. కమిటీ వాళ్లు గద్దెమీద కూర్చున్నారు, ఆమె కింద నిలబడింది. పరశురాములు వాళ్ల పక్కనే ఉన్నాడు.

 హనుమండ్లు అందరికీ వినబడేలా అన్నాడు. "మా మనవరాలికి బళ్లె నాగమ్మ కథ చెప్పినవట బిడ్డా. పల్నాటిని ముంచిన నాగమ్మది గీ జిల్లానేనట. నువ్వు చెప్పంగ పిల్లలకు సమజ్ కాలే గని, మాకు ఇప్పుడు సమజైంది."

అందరూ నవ్వారు. పరశురాములు కూడా నవ్వాడు.

"తప్పయింది" అంది శ్యామల.

"జర గట్టిగ చెప్పు."

"తప్పయింది."

షాపు తెరుచుకుంది. ఆ రోజు నుంచి ఊళ్లో ఆమె పేరు నాగమ్మే. ఎదురుగా అనకపోయినా, వీధి మలుపు తిరగగానే వెనక నుంచి వినిపించేది. మిగిలిన పదవీకాలం పరశురాములు ఎక్కడ చూపితే అక్కడ సంతకం పెట్టింది. కిష్టవ్వ చుట్టూ ఆడవాళ్లు మళ్లీ చేరారు కానీ, ఆమె ఎన్నాళ్లో ఉండలేదు. ఆ ఎండాకాలంలోనే పోయింది.

పదవి అయిపోయాక శ్యామల మళ్లీ ఉద్యోగం అడగడానికి మా బడికి వచ్చింది. అప్పటికి యాజమాన్యం మారింది. కొత్త ప్రిన్సిపాల్ కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, ఆ ఊరి నుంచి మాకు చాలామంది పిల్లలు వస్తారు మేడం, వాళ్ల పెద్దలకు ఇష్టం ఉండకపోవచ్చు అన్నాడు. నేను స్టాఫ్ రూములో ఎదురు చూస్తున్నాను. ఆమె నా దగ్గరికి రాకుండానే వెళ్లిపోయింది.

మొన్నటి ఎన్నికల్లో ఊరు జనరల్ అయింది. పరశురాములు హనుమండ్లు మద్దతుతో నిలబడి గెలిచాడు. సంక్రాంతి సెలవులయ్యాక ఒకసారి నేను వాళ్లింటికి వెళ్లాను. శ్యామల వరండాలో బీడీలు చుడుతోంది. సారక్క పక్కనే ఉంది. ఆమె పెద్దకొడుకు ఇప్పుడు అదే షాపులో తాగుతున్నాడని తోవలోనే విన్నాను. ఇద్దరూ ఆకు సరిగా రావడం లేదనీ, కార్ఖానా వాళ్లు సగం బీడీలు వద్దని పారేస్తున్నారనీ మాట్లాడుకుంటున్నారు.

సారక్క లేచి వెళ్లాక నేను అడిగాను, ఈమధ్య ఏమైనా చదువుతున్నావా అని. లేదన్నట్టు తల ఊపింది. పుస్తకాలు పాతసామాన్లవాడికి ఇచ్చేశాడట పరశురాములు. అడిగి ఇచ్చాడా అంటే, అడిగితే నేనే ఇచ్చేదాన్ని అంది.

"ఓటు ఎవరికి వేసినవ్?" అన్నాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"ఆయనకే." బీడీ కొస మడిచి చేటలో వేసింది. "ఇంకెవరికి వేస్తనక్కా? నిలబడ్డోళ్లంత గా కమిటీ మనుషులే."

లోపలి గదిలోంచి మగవాళ్ల మాటలు, నవ్వులు. పరశురాములు చాయ్ పెట్టమని కేకేశాడు. శ్యామల ఒడిలోని తంబాకు దులుపుకుని లేచింది. ఎంతమందున్నరో చూసి వస్తనుండక్కా, నువ్వు గూడ తాగిపో అంటూ లోపలికి వెళ్లింది.