కనకమ్మ ఎడమపక్క నిద్రలేచినది

శ్రీమన్నారాయణ గారి మామిడితోటలో కనకమ్మ చెయ్యి తగలని చెట్టు లేదు. కాపురానికి నూజివీడు వచ్చిన నాటినుంచి అక్కడే పాదులు తవ్వింది, అంటుమొక్కలకు నీళ్ళు మోసింది, గడ్డి పరిచి కాయలు మాగవేసింది. మొగుడు పోయాక కూడా పని మానలేదు. కొంగు నడుముకు బిగించి నడిచిందంటే పడుచువాళ్ళు కూడా వెనకబడేవారు. స్వరాజ్యం వచ్చిన మరుసటేడు చలికాలంలో మాత్రం, తనకు అరవై దాటిన సంగతి ఆమెకంటే ముందు ఆమె ఒంటికి గుర్తొచ్చింది.

ఆ ఏడు మంచు దట్టంగా కురిసింది. ఇంట్లో మనవడు అప్పుడప్పుడే పాకుతున్నాడు. వాడికి పట్టిన దగ్గు ఎంతకీ వదలలేదు. వాణ్ణి భుజాన వేసుకుని తిరగడంతోనే ఆమె రాత్రులు గడిచిపోయేవి. తెల్లారగానే తోటలో మంచుకు పూత మాడకుండా పొగ వేయడానికి పరుగెత్తాలి. వేళకింత తిన్నదీ లేదు, కంటినిండా నిద్రపోయిందీ లేదు.

ఒకరోజు పొద్దున ఎండుటాకులు కుప్పచేసి నిప్పు ఊదుతుంటే, వెనకనుంచి ఎవరో ఎడమ డొక్క మీద చెయ్యి వేసినట్టయింది.

"ఎవరే అది?" అంటూ తిరిగి చూసింది.

ఎవరూ లేరు. తెల్లటి మంచులో మామిడి మొదళ్ళు మాత్రం మనుషుల్లా నిలబడి ఉన్నాయి. కాని చెయ్యి తీసినట్టు అనిపించలేదు. వేళ్ళు ఆనిన చోటల్లా భగ్గుమంటోంది. కొంగు తొలగించి చూసుకుంది. చర్మం నున్నగా, ఎప్పటిలాగే ఉంది.

రోజురోజుకీ ఆ మంట ముదిరింది. చీర అంచు రాసుకున్నా నిప్పుకణిక తగిలినట్టే ఉండేది. కోడలు సరోజ దీపం దగ్గరగా పెట్టి వెతికింది.

"ఇక్కడేం లేదత్తా. పొక్కు కూడా లేదు."

"లేకపోతే ఎందుకే ఇట్టా పట్టుకుంటంది?"

పట్టుకుంటంది అన్న మాట తన నోటినుంచి వచ్చాకే కనకమ్మకు చెల్లెలు గుర్తొచ్చింది. చిన్నతనంలో అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకేసారి ఆటలమ్మ పోసింది. వేపరొట్ట పరిచిన ఒకే చాప మీద పడుకోబెట్టారు. చిన్నది మంగమ్మ, చీకటంటే భయపడేది. అక్కకు ఎడమపక్కన పడుకుని, నడుం గట్టిగా పట్టుకుని నిద్రపోయేది. ఒక తెల్లవారుజామున తల్లి వచ్చి, బిగుసుకుపోయిన ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. కనకమ్మ బతికింది. అమ్మవారు చల్లబడి వెళ్ళిపోయిందన్నారు పెద్దవాళ్ళు. ఆ తర్వాత ఆ ఇంట్లో మంగమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు.

"మా చెల్లెలొచ్చిందే" అంది కనకమ్మ.

సరోజ బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది.

మర్నాటికి డొక్క ఎర్రబడింది. ఆ పైన వెన్నెముక దగ్గరనుంచి ముందుకు, జానెడు పట్టీలాగా, నీటి పొక్కులు గుత్తులు గుత్తులుగా లేచాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చూసి నోళ్ళు నొక్కుకున్నారు.

"సర్పి! పాములాగా నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిసిందంటే మనిషి దక్కదు."

కొడుకు పెద్దిరాజు పరుగున వెళ్ళి కుమ్మరి సాంబయ్యను పిలుచుకొచ్చాడు. సర్పికి బొమ్మ రాయడం కుమ్మరివాళ్ళ పని. సాంబయ్య ఎర్రజాజు అరగదీసి, పొక్కుల పట్టీకి ఎదురుగా సింహం బొమ్మ రాశాడు.

"పాముకు అడ్డంగా సింహాన్ని నిలబెట్టానొదినా. ఇంక ముందుకు రాదు."

"వస్తేనో?"

సాంబయ్య జాజు చిప్ప సర్దుకుని లేచాడు.

ఆ సాయంత్రం మనవడు పాకుతూ ఆమె మంచం దగ్గరకు వచ్చాడు. వాడు నాయనమ్మ వైపు చూడలేదు. ఆమెకు ఎడమపక్క, మంచం మీద ఖాళీగా ఉన్న చోటువైపు చూసి కిలకిలా నవ్వాడు. ఎత్తుకోమని అటే రెండు చేతులూ చాచాడు.

"ఒరే పెద్దిరాజూ! బిడ్డను తీసుకుపో. రేపు నన్ను డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళు" అని కనకమ్మ కేక పెట్టింది.

నూజివీడు బజారులో వైద్యం చేసే సువర్ణరాజు గారు పొక్కుల్ని చూస్తూనే అడిగిన మొదటి మాటకు ఆమె ఉలిక్కిపడింది.

"చిన్నప్పుడు నీకు ఆటలమ్మ పోసిందా అమ్మా?"

"మీకెవరు చెప్పారండీ?"

"ఈ పొక్కులే చెబుతున్నాయి. అప్పుడు వచ్చింది పూర్తిగా పోదు. నరాల మొదట్లో ఎక్కడో నిద్రపోతూ ఉంటుందని పెద్ద పెద్ద డాక్టర్లే అంటున్నారు. వయసు మీదపడి, తిండీ నిద్రా లేక ఒళ్ళు డస్సిపోయిందనుకో, లేస్తుంది. చలి ఒక్కటే తెచ్చేది కాదు."

"అయితే ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉందన్నమాట" అంది కనకమ్మ మెల్లగా. ఆమె ఎవరి గురించి అంటోందో ఆయనకు తెలియదు.

"తలా తోకా కలుస్తాయంటున్నారండీ" అన్నాడు పెద్దిరాజు.

"నరం ఒక పక్కదేనయ్యా. దాని మేరంతా పొక్కి, బొడ్డు దగ్గరకొచ్చి ఆగుతుంది. దీన్ని చంపే మందు నా దగ్గర లేదు. నొప్పి తగ్గడానికి ఇస్తాను. చితికిన పొక్కుల మీద పసర్లూ పేడా పెట్టొద్దు. ఇంట్లో పసిపిల్లలున్నారా?"

"మనవడున్నాడండీ."

"ఈ పొక్కుల నీరు తగిలితే వాడికి ఆటలమ్మ పోస్తుంది. పక్కులు కట్టి ఎండేదాకా గుడ్డ కప్పుకో. వాణ్ణి ఎత్తుకోకు."

కనకమ్మ ఇంటికి వెళ్ళలేదు. బండి తోట దగ్గరే ఆపించి కాపలా పాకలో దిగిపోయింది. వేడి అన్నం, పాలు కొడుకు తెచ్చిపెట్టేవాడు. డాక్టరు చెప్పినట్టు తిని పడుకునేది. కంచె అవతల సరోజ చంకలో మనవడు నాయనమ్మ కోసం ఏడిస్తే, ముఖం గోడవైపు తిప్పుకునేది. పొద్దు వాలి మంచు దిగుతుంటే చాప మీద ఎడమవైపు ఎవరో ఒదిగి పడుకున్నట్టుండేది. ఊపిరి చప్పుడు రెండుగా వినిపించేది.

"ఉంటే నా దగ్గరే ఉండవే. బిడ్డ జోలికి మాత్రం పోబోకు" అనేది చీకట్లోకి.

పొద్దున్నే నిద్ర లేవగానే బొడ్డు దాకా వేలితో తడుముకునేది. ఒకనాటికి పట్టీ అక్కడికి వచ్చింది. మర్నాడు చూస్తే గీత గీసినట్టు అక్కడే ఆగి ఉంది. ఆ తర్వాత పొక్కులు నల్లబడి పక్కులు కట్టాయి. పక్కులన్నీ రాలినా ఆమె వెంటనే ఇంటికి పోలేదు. ఇంకో నాలుగు రోజులు ఆగి, తలంటుకుని మరీ గడప దాటింది. మనవడికి ఏమీ కాలేదు.

పొక్కులు మానినా నొప్పి మాత్రం అంత తొందరగా వదల్లేదు. పిందెలు కాయలై, కాయలు దించే రోజులొచ్చినా, ఉన్నట్టుండి డొక్కలో కత్తి దిగినట్టయ్యేది. పెద్దవాళ్ళకు అలా మిగిలిపోవడం మామూలేనన్నాడు డాక్టరు. పొగ వేసే పని పెద్దిరాజు తీసుకున్నాడు. మొదట కనకమ్మకు కోపం వచ్చింది గాని తర్వాత ఊరుకుంది. తోటలో ఏ ముసలమ్మ అయినా ఒక పక్క మంటగా ఉందంటే, "పొక్కులు లేచేదాకా కూర్చోబోకు, డాక్టరుకు చూపించుకో. చంటిపిల్లల్ని దగ్గరకి రానియ్యకు. ముందు కడుపునిండా తిని పడుకో" అని గదమాయించేది. ఆ ఎండాకాలం ఆమె నీడన కూర్చుని కాయలు ఏరుతుంటే, మనవడు ఆమె భుజం పట్టుకుని లేచి నిలబడి తొలి అడుగులు వేశాడు.