చెల్లి ఇంగ్లీషులో ‘ఫినిష్’

మా చెల్లికి చెవులు వినపడవు. నాకు ఇంగ్లీషు గ్రామర్ వచ్చు. మా ఇంట్లో ఈ రెండింట్లో దేనికి ఎక్కువ మురిపెం దక్కిందని అడిగితే, నేను ఈ వయసులో కూడా మొహం ముడుచుకుంటాను.

రాయచూరు బజారులో మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. నేను స్కూలుకు పోయే రోజుల్లో, ఎవరైనా పెద్దమనుషులు వస్తే నాన్న నన్ను గల్లా పక్కన నిలబెట్టి ఇంగ్లీషు పేపరు చదివించేవాడు. చదవడం అయ్యాక వాళ్ళు “భేష్” అనేవాళ్ళు. నాన్న మాత్రం ఏమీ అనేవాడు కాదు. పరీక్షలో తొంభై ఎనిమిది వచ్చాయని పరుగెత్తుకుంటూ వచ్చి చెబితే, “ఆ రెండు యాడికి పోయినయే?” అని అడిగాడు. ఆ రెండూ ఒక ‘ది’ దగ్గరా ఒక కామా దగ్గరా పోయాయి. నాకు ఇప్పటికీ గుర్తు.

చెల్లి నాకంటే ఆరేళ్ళు చిన్నది. చెవిటి పిల్లల బడిలో, హాస్టల్లో ఉండి చదివింది. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు దుకాణంలో చీటీ ముక్క మీద ఏదో రాసి నాన్న చేతిలో పెట్టింది. ‘పప్పా రైస్ ఈట్ ఫినిష్?’ అని ఉంది అందులో. నాన్న ఆ చీటీని గల్లా అద్దానికి టేపుతో అంటించాడు. వచ్చిన ప్రతి గిరాకికీ చూపించాడు. “చూడుండ్రి, మా చిన్నది ఇంగ్లీషు రాసింది!”

నేను ఊరుకోలేదు. అందులో ‘హావ్’ లేదు, ‘ఈటెన్’ లేదు, మొత్తం తప్పేనని అందరి ముందూ చెప్పాను. నాన్న నవ్వాడు.

“అండ్ల తప్పేముందే? మనమేమంటం? తినుడైందా అంటం. పక్క దుకాణం చాచా ఖానా హువా క్యా అంటడు. కన్నడపోళ్ళు ఊట ఆయ్తా అంటరు. మా చిన్నది ఈట్ ఫినిష్ అన్నది. అందరడిగేది ఒక్కటే గద!”

ఆ రోజు నేను అన్నం తినలేదు. ఎవరూ నన్ను తినుడైందా అని అడగలేదు, ఏ భాషలోనూ.

పెద్దయ్యాక నేను ఇంగ్లీషు టీచరునయ్యాను. పెళ్ళయి రెండు వీధుల అవతల ఉంటున్నాను. చెల్లి దుకాణంలో గిన్నెల మీద పేర్లు కొట్టే పని చేస్తుంది. ఆ మిషను గీ మని పెట్టే రొదకు మిగతావాళ్ళకు పళ్ళు జివ్వుమంటాయి, ఆమెకు ఆ బాధ లేదు. కన్నడ తను చదువుకున్న భాష కాబట్టి చూడకుండా కొడుతుంది. తెలుగూ ఉర్దూ అయితే చీటీ మీద రాసిస్తే చాలు, చదవడం రాకపోయినా ఒక్క కొమ్ము తేడా రాకుండా దింపుతుంది. ఆమె చేత్తో పేరు కొట్టించుకోవాలని గబ్బూరు నుంచి కూడా పెళ్ళి సామాన్లకు వచ్చేవాళ్ళున్నారు. పదో తరగతి వాళ్ళ పేపర్లలో తప్పులు దిద్దించుకోవాలని నా దగ్గరకు ఎవరూ అంత దూరం నుంచి రారు.

ఆదివారం సాయంత్రాలు రైల్వే స్టేషను ముందు టీ బండి దగ్గర ఆమె స్నేహితులు, అందరూ వినపడనివాళ్ళే, చేరతారు. ఆమెను తీసుకురావడానికి వెళ్ళినప్పుడు నేనూ కాసేపు కూర్చునేదాన్ని. వాళ్ళలో ఒకతను ఫోన్‌లో నిండు వాక్యాలు రాస్తాడు. అతను మెసేజ్ పెట్టగానే మిగతావాళ్ళు లేని కాలరు ఎగరేసి చూపించి నవ్వుతారు. వినేవాళ్ళ వేషం వేస్తున్నాడని దాని అర్థమట. అదే మనుషులు బ్యాంకుకో ఆసుపత్రికో పోయేముందు ఆ కాలరు మనిషి దగ్గరికే చీటీ పట్టుకుపోయి దిద్దించుకుంటారు. నవ్వడమూ నిజమే, భయమూ నిజమే.

చెల్లికి ఆ భయం ఒక ఆసుపత్రిలో పట్టుకుంది. నాన్నకు షుగర్ పరీక్ష ఎక్కడ చేస్తారని ‘ఫాదర్ షుగర్ చెక్ వేర్’ అని రాసి కిటికీలో ఇస్తే, అక్కడి గుమాస్తా ఆ చీటీని పక్కవాడికి చూపించి నవ్వాడు. తర్వాత నాన్నను అడిగాడట, “పిల్లకు బుద్ధి గూడ తక్కువనా?” అని. చెల్లికి మాట వినపడలేదు. నవ్వు కనపడింది. ఆ రోజు నుంచి ఏ చీటీ రాసినా ముందు నాకు చూపించడం మొదలుపెట్టింది. నా హ్యాండ్‌బ్యాగులో ఎర్ర పెన్ను ఎప్పుడూ ఉంటుంది. దిద్దాను. ఇష్టంగా దిద్దాను. ఆ గల్లా అద్దం మీది చీటీని ఇన్నేళ్ళకు దిద్దుతున్నట్టు ఉండేది.

ఇంతలో మా మేనమామ ఒక సంబంధం తెచ్చాడు. దేవసూగూరు దగ్గర కృష్ణ దాటితే తెలంగాణ. ఆ ఒడ్డున మక్తల్ దిక్కు అబ్బాయి, లేతు మిషను మీద ఇనుము కోసే పని. అతనికీ వినపడదు. దేవసూగూరు గుళ్ళో ఇద్దరికీ చూపులయ్యాయి. అరగంట సేపు ఇద్దరి చేతులూ ఆగలేదు. వీడియో కాల్‌లో మాట్లాడుకుంటామని చెల్లి సైగ చేస్తే అమ్మ ఒప్పుకోలేదు.

“పెండ్లి కుదరకముందే వీడియోల మొకాలు చూసుకునుడేంది? గిట్ల రాసుకోండ్రి, చాలు.”

రాసుకోవడమంటే ఏ భాషలో? చెల్లికి వచ్చింది కన్నడ అక్షరం, అతనికి వచ్చింది తెలుగు అక్షరం. నది ఇటు బడిలో ఒకటి, అటు బడిలో ఇంకొకటి. ఇద్దరికీ కలిసింది ఆ విరిగిన ఇంగ్లీషు ఒక్కటే.

చెల్లికి భయం. తను రాసింది ముందు నాకు పంపేది. నేను దిద్ది తిరిగి పంపితే, దాన్ని అతనికి పంపేది. దేనికి జవాబో నాకు తెలియాలి కాబట్టి అతని మెసేజ్‌లు కూడా పంపేది. అలా స్టాఫ్ రూములో, కాంపోజిషన్ పుస్తకాల మధ్య, నా చెల్లికి వచ్చే ప్రేమలేఖలు నేను చదివాను.

‘టుడే సన్ హాట్. యూ అంబ్రెల్లా టేక్.’

మొదట వచ్చింది ఇదే. రాయచూరు ఎండలో నేను పదిహేనేళ్ళుగా స్కూలుకు నడుస్తున్నాను. గొడుగు తీసుకుపొమ్మని నాతో ఎవరూ అనలేదు. మా ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన మెసేజ్ అంటే ‘గ్యాస్ బుక్ చెయ్’. ఒకసారి పెళ్ళిరోజున ఆయనకు కామాలూ చుక్కలూ సరిగ్గా పెట్టి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాస్తే బొటనవేలు బొమ్మ పంపాడు.

రెండు రోజుల తర్వాత ఇంకొకటి వచ్చింది. ‘మై హ్యాండ్ ఐరన్ స్మెల్. యువర్ హ్యాండ్ స్టీల్. సేమ్ సేమ్.’

పుస్తకం మూసేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఎం.ఏ. దాకా నేను చదివిన ఇంగ్లీషంతా కలిపినా నా చేతుల గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. చాక్‌పీసు వాసన వస్తుందని అయినా. అసూయ అనే మాట మెత్తగా ఉంటుంది. నాకు కలిగింది కుళ్ళు. కడుపులో మంట. చెల్లి మీద, ఆ మనిషి మీద, వాళ్ళ ‘సేమ్ సేమ్’ మీద.

దానికి చెల్లి రాసి పంపిన జవాబు ఇది: ‘స్టీల్ షైన్. ఐరన్ స్ట్రాంగ్. సేమ్ నో. బట్ గుడ్.’

దాన్ని నేను ఇలా దిద్దాను: ‘ఆల్‌దో స్టీల్ అండ్ ఐరన్ డిఫర్ ఇన్ క్వాలిటీ, బోత్ ఆర్ యూజ్‌ఫుల్ మెటల్స్.’

ఒక్క తప్పు లేదు. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలో పెట్టుకోవచ్చు. చెల్లి దాన్ని ఎంతో నమ్మకంగా పంపింది. అతని నుంచి ‘ఓకే’ అని వచ్చింది. అంతే.

తర్వాత చెల్లి ‘ఈట్ ఫినిష్. యూ?’ అని రాస్తే, ‘ఐ హావ్ ఆల్రెడీ హాడ్ మై లంచ్. హావ్ యూ హాడ్ యువర్స్?’ అని పంపించాను. సాయంత్రం దాకా జవాబు లేదు. సాయంత్రం ‘హావ్ హాడ్ వాట్? యూ యాంగ్రీ?’ అని వచ్చింది.

నాకు అప్పుడే తెలిసిపోయింది. అతనికి అర్థం కావడం లేదని, భయపడుతున్నాడని, చెల్లి గొంతు అనుకుని నా గొంతు వింటున్నాడని. తెలిసీ ఇంకా ఎనిమిది రోజులు దిద్దాను. తప్పుల్లేని ఇంగ్లీషు రాయడం తప్పెలా అవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. టీచర్లకు ఇలాంటి సాకులు తొందరగా దొరుకుతాయి.

అతని మెసేజ్‌లు తగ్గిపోయాయి. గొడుగు మాట మళ్ళీ రాలేదు. తర్వాత మేనమామ ఫోన్ చేశాడు.

“పిల్లగానికి మనసు లేదంటున్నరమ్మా. పిల్ల బాగ సదివింది, మావోనికి సరిపడదు అంటున్నరు.”

అమ్మ ఫోన్ పెట్టేసి నోరు తెరుచుకుని నా వైపు చూసింది. “ఇదెప్పుడు సదివిందే గంత?”

నేను చెప్పులు వేసుకుని దుకాణానికి వెళ్ళాను. మధ్యాహ్నం, నాన్న భోజనానికి పోయి ఉన్నాడు. చెల్లి మిషను పక్కన పెట్టి నా కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచింది. ఫోన్ నా ముందు పెట్టింది. అతని ఆఖరి మెసేజ్: ‘యువర్ ఇంగ్లీష్ టూ బిగ్. సారీ. మ్యారేజ్ నో.’

ఆమె వేలు అందులో ‘బిగ్’ అన్న మాట మీద ఆగింది. తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుని, గాలిలో ఇంటూ మార్కు గీసి, చేతులు బార్లా చాపి చూపించింది. నా తప్పులు ఇంత పెద్దవి. నా ఇంగ్లీషులో ఇంకా ఇన్ని తప్పులున్నాయి, అందుకే వద్దన్నాడు. అతని మాటను ఆమె అలా చదువుకుంది. గల్లా కింద నుంచి కొత్త నోటుబుక్కు తీసింది. నా బ్యాగు తనే తెరిచి ఎర్ర పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. నేర్పు, అని సైగ చేసింది. మొదటి పేజీ మీద తన అందమైన అక్షరాలతో ‘హావ్ హాడ్’ అని ముందే రాసి పెట్టుకుంది.

ఆ రెండు మాటలు చూశాక నా వల్ల కాలేదు.

ఫోన్ తీసుకుని అతనికి రాయడం మొదలుపెట్టాను. ‘ఐ మస్ట్ కన్ఫెస్ దట్’ అని వచ్చింది. కొట్టేశాను. ‘ఇట్ వాజ్ ఐ హూ’ అని వచ్చింది. అదీ కొట్టేశాను. నాకు తప్పుగా రాయడం రాదు. అంత సులువైన పని కాదది. చివరికి ఒక్కొక్క మాటనే పెరికి పెట్టినట్టు రాశాను: ‘ఐ అక్క. బిగ్ ఇంగ్లీష్ ఐ రైట్. సిస్టర్ రైట్ నో. సిస్టర్ ఇంగ్లీష్, యూ ఇంగ్లీష్, సేమ్ సేమ్. ఐ జెలస్.’

చెల్లి నా భుజం మీదుగా చదువుతోంది. ‘జెలస్’ దగ్గర ఆగి, ఇదేంటి అని కనుబొమ్మలు ఎగరేసింది. ఆమెకు ఆ మాట తెలియదు.

ఇంట్లో మా సైగల్లో ఆ మాటకు సైగ లేదు. ఇన్నేళ్ళు అవసరం పడలేదు, కుళ్ళుకునేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి. కడుపు మీద చెయ్యి పెట్టి, వేళ్ళు మంటలా పైకి ఆడించాను. చెల్లి వెంటనే గల్లా సొరుగులోంచి నాన్న గ్యాస్ మాత్ర తీసి ఇచ్చింది. నేను మాత్ర పక్కన పెట్టి, ఫోన్‌లో పైకి జరిపి గొడుగు మెసేజ్ చూపించాను. ఐరన్ స్మెల్ చూపించాను. నా ఫోన్ తీసి ‘గ్యాస్ బుక్ చెయ్’ చూపించాను. గల్లా అద్దం మీద ఇప్పటికీ పసుపుపచ్చగా అంటుకుని ఉన్న ఆ చీటీని చూపించాను. మళ్ళీ కడుపు మీద మంట.

ఆమెకు అర్థమైంది. ముందు నోటుబుక్కు వైపు చూసింది, తర్వాత నా వైపు. నా భుజం మీద బలంగా ఒకటి ఇచ్చింది. ఇనప మిషను పట్టే చెయ్యి అది, రెండు రోజులు నొప్పి పెట్టింది. తర్వాత నా వైపు వీపు పెట్టి కూర్చుని మిషను ఆన్ చేసి ఎవరివో పళ్ళేల మీద పేర్లు కొట్టింది. ఆ రొదలో నేను ఏడిస్తే ఎవరికి వినపడుతుంది? ఏడ్చాను.

నాలుగో పళ్ళెం అయ్యాక వచ్చి ఫోన్ తీసుకుంది. నేను రాసినదంతా మళ్ళీ చదివింది. ‘ఐ జెలస్’ తర్వాత తనే ఒక మాట చేర్చింది: ‘ఫినిష్’. సైగలో అయితే రెండు అరచేతులూ దులిపినట్టు ఆడించడమే. నా మొహం ముందు పెట్టి కనుబొమ్మలు పైకెత్తి ఆగింది. వాళ్ళ భాషలో ప్రశ్న గుర్తు కనుబొమ్మల్లో ఉంటుంది. అయిపోయిందా, అని అడుగుతోంది.

ఆమె ఇంగ్లీషులో నేను దిద్దిన ఆఖరి తప్పు అదే. ‘ఫినిష్’ కొట్టేసి, మిగతాదంతా అలాగే పంపించాను.

మర్నాడు పొద్దున స్కూలుకు బయలుదేరుతుంటే చెల్లి తన ఫోన్‌కు వచ్చిన మెసేజ్ నాకు పంపింది. ‘సన్ హాట్. యూ అంబ్రెల్లా టేక్. అక్క ఆల్సో.’

తనకొక గొడుగు, నాకొక ‘ఆల్సో’. అది చదివి నవ్వు వచ్చింది, మంటా వచ్చింది. అటక మీద నుంచి గొడుగు దింపి, దుమ్ము దులిపి, దాన్నే వేసుకుని నడిచాను. దారిలో దుకాణం ముందు చెల్లి నిలబడి ఉంది. గొడుగు చూసి రెండు అరచేతులూ దులిపినట్టు ఆడించి, కనుబొమ్మలు పైకెత్తింది.

ఇంకా కాలేదని తల అడ్డంగా ఊపాను.