వంగిన తాటిచెట్టుకు మూడు నిమిషాలు

పాఠం నడిచిన ప్రతి పీరియడ్‌కూ నా డైరీలో రెండు గడులు ఉంటాయి: పూర్తయిన లెక్కలు, వృథా అయిన నిమిషాలు. వరంగల్ నుంచి రైలెక్కి నెక్కొండలో దిగి, అక్కడి నుంచి ఆటోలో బడికి చేరే ఇన్నేళ్లలో ఆ గడులను ఖాళీగా వదిలిన రోజు లేదు.

డిసెంబరు రెండో మంగళవారం, నాలుగో పీరియడ్, పదో తరగతి, త్రికోణమితి. పూర్తయిన లెక్కలు ఆరు. వృథా అయిన నిమిషాలు మూడు.

ఆ మూడు నిమిషాలూ రెండో బెంచీ అమ్మాయివి. వాళ్ల నాన్న గీత కార్మికుడు, నడుముకు వేసుకున్న మోకు తాడును పైకి జరుపుకుంటూ తాటిచెట్లెక్కుతాడు. ఆమె రఫ్ నోట్సు పట్టుకుని లేచి నిలబడింది.

"మేడం, మా తాటిచెట్టు జర వంగింది. నీడ కొలిస్తె ఒక లెక్క వస్తాంది, నాయిన మోకుతోని ఇంకో లెక్క వస్తాంది..."

నా చేతిలో ఏడో లెక్క ఉంది. పబ్లిక్ పరీక్షలకు సిలబస్ మిగిలి ఉంది.

"పరీక్షలో చెట్లు వంగవు. కూర్చో" అన్నాను.

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. అది డైరీలో రాయలేదు.

ఆ తరువాత ఆమె చేయి మళ్లీ లేవలేదు. పుస్తకంలోని లెక్కలన్నీ తప్పు లేకుండా చేసేది. నేను దానినే క్రమశిక్షణ అనుకున్నాను.

జనవరిలో తల్లిదండ్రుల సమావేశానికి ఆమె తండ్రి వచ్చాడు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చేసి, వెళ్లబోతూ ఆగాడు.

"మేడం, అప్పుడేం లెక్క ఇచ్చిండ్రు? మా బిడ్డ నన్ను కల్లు లొట్టి కట్టని చెట్టెక్కిచ్చింది. మోకు ఎన్నిమాట్ల మీదికి జరుపుతవో లెక్కవెట్టు నాయినా అన్నది. తొవ్వల పోయేటోళ్లు, ఏం మామా, ఒట్టి చెట్టుకు కల్లు పారుతాందా అని ఒకటే నవ్వుడు."

ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు. కూతురు తనతో ఒక పని చేయించిందని గర్వంగా చెప్పాడు. నేనా లెక్క ఇవ్వలేదని ఆయనకు చెప్పలేకపోయాను.

మరునాడు ఆమెను ఆ నోట్సు తెమ్మన్నాను.

"చింపేసిన మేడం. పరీక్షలకు రాదు గద."

ఆ శుక్రవారం తరగతినంతా టేపుతో ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లాను. ఎప్పుడూ నోరు విప్పని వెనుక బెంచీల వాళ్లు నీడ కొస ఎక్కడో తేల్చలేక గొడవపడ్డారు. "అరేయ్, నీ తలకాయ నీడ గూడ కలుపుతున్నవ్, జరుగు" అని ఒకరిని ఒకరు నెట్టుకున్నారు. నాలుగు జట్లకు నాలుగు జవాబులు వచ్చాయి. మళ్లీ కొలుస్తామని నన్ను బతిమాలారు.

ఆమె మాత్రం టేపు ముట్టుకోలేదు, దూరంగా నిలబడింది. నేనే దగ్గరికి వెళ్లాను.

"నీ రెండు లెక్కలకూ తేడా ఎంత వచ్చింది?"

"నాలుగడుగులు."

నోట్సు చింపినా అంకె ఆమె మరచిపోలేదు.

"రెండింటిలో చెట్టు ఎత్తు ఏది?"

ఆమె నా వైపు చూడలేదు. చెట్టు కొసన ఉన్న మొవ్వు వైపు చూస్తూ అంది.

"నేనప్పుడు అదే అడిగిన మేడం."

మోకు కొలిచేది మొదలు నుంచి మొవ్వు వరకు ఉన్న పొడవని, మొవ్వు నుంచి నేలకు నిట్టనిలువుగా దిగేదే ఎత్తని, నీడను ఆ దిగిన చోటు నుంచి కొలవాలని చెప్పాను. చెప్పడానికి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె తలూపింది, ఇంకేమీ అడగలేదు.

ఆ రోజు పూర్తయిన లెక్కల గడిలో సున్నా వేశాను. తరువాత డిసెంబరు పేజీ తీశాను. ఆ 'మూడు'ను కొట్టివేయాలనిపించింది, కొట్టివేయలేదు. పక్కన, అప్పుడు రాయకుండా వదిలేసిన మాట రాశాను: నేనూ నవ్వాను.