పింక్ ఎల్లీస్

మా బిడ్డ సాక్సులల్ల ఎల్లిగడ్డలు ఎందుకు పెట్టిననో చెప్త. ముందుగాల నవ్వకుండ్రి. మొత్తం ఇన్నంక మీ ఇష్టం.

పోయినేడు మా అక్షర ఇక్కడ లండన్ల రిసెప్షన్ క్లాసుల ఉన్నప్పుడు బడి సంగతులన్నీ మా ఆయనే చూస్తుండె. బడోళ్ల మెసేజీలు గూడ ఆయన ఫోన్‌కే వస్తుండె. ఈ సెప్టెంబర్ల పిల్ల ఇయర్ వన్‌కు వచ్చింది, గప్పుడే ఆయన వేర్‌హౌస్‌ల రోటా మారింది. పొద్దుగాల షిఫ్ట్ పడ్డది.

"నువ్వు తోల్కపోతవా, పక్కింటి ఆంటీని అడుగుదమా?" అన్నడు.

"నా బిడ్డను నేను తోల్కపోలేనా?" అన్న.

అన్న గాని, గేటు కాడ మిస్ నోరు తెరిస్తే నేను వేరే తల్లుల ఎనుకకు జరుగుత. ఆమె ఇంగ్లీష్ రైలు లెక్క పోతది. నాకు నడుమ నడుమ స్టేషన్ల పేర్లే ఇనవడతయి.

మొన్న బుధవారం పిల్లను తీస్కరానీకి పోతే మిస్ నన్ను ఆపింది. శుక్రవారం పిల్లలను బడెనుక చెట్లల్లకు తోల్కపోతరంట. ఫారెస్ట్ స్కూల్ అంట. "షి నీడ్స్ ఎల్లీస్," అన్నది.

ఎల్లీస్ ఏంది? మళ్ల అడగనీకి సిగ్గు. "యెస్, యెస్," అన్న.

"ఎ పెయిర్, విత్ హర్ నేమ్ ఆన్. వన్ సైజ్ బిగ్గర్ ఈజ్ ఫైన్, దే గ్రో సో ఫాస్ట్. థిక్ సాక్స్ ఇన్‌సైడ్. ఇట్స్ వెరీ మడ్డీ. నో ఎల్లీస్, నో ఫారెస్ట్."

ఆఖరి మాట మాత్రం మంచిగ సమజైంది. ఎల్లీస్ లేకుంటే నా పిల్ల ఒక్కతే బడిల కూసుంటది.

ఇంటికొచ్చే దారి పొడుగున అదే ఆలోచన. మా పిల్ల ప్రతిదానికి ఇంగ్లీష్ తోక తగిలిస్తది. ఇడ్లీస్, గారెస్, బెండకాయాస్. గట్లనే ఎల్లిగడ్డ ఎల్లీస్ అయ్యుంటది. మిస్‌కు ఆ మాట ఎట్ల తెల్సు? సమోసా తెల్వదా, చట్నీ తెల్వదా, ఇది గూడ తెల్సుంటది. బురద అన్నది, జల్ది పెరుగుతయి అన్నది. అంటే పిల్లలతోని నాటిస్తరన్నట్టు. చలికాలం ముంగటనే గద ఎల్లిగడ్డ పెట్టేది.

అయినా ఒకపారి పిల్లను అడిగిన. "బిడ్డా, శుక్రవారం ఎల్లీస్ గావాల్నా?"

"యెస్ మమ్మీ, ఎవ్రీవన్ హాజ్ దెమ్. కెన్ ఐ హావ్ పింక్ వన్స్? ప్లీజ్?"

ఇగ డౌటే లేదు. ఎల్లిగడ్డలల్ల గులాబీ రంగువి గూడ ఉంటయి, నేను చూసిన.

ఇల్ఫర్డ్‌ల మా వీధి చివర గుజరాతీ అంకుల్ దుకాణం ఉన్నది. గంపంత గెలికిన. "అంకుల్, పింక్. బిగ్. ఫర్ స్కూల్," అన్న. అంకుల్ కండ్లద్దాల మీదికెళ్లి చూసిండు. "స్కూల్? గుడ్, గుడ్. బీపీకి మంచిది," అన్నడు హిందీల.

గురువారం పొద్దుమీకి పేరు రాయనీకి కూసున్న. పిల్ల టిఫిన్ డబ్బ మీద ఆయన రాసిన అక్షరాలు చూసుకుంట ఒక్కొక్కటి దించుతున్న. ఎల్లిగడ్డ మీద పేరు ఎన్నడన్న రాసిండ్రా? పెన్ను గట్టిగ ఒత్తితే పొట్టు ఊడొస్తది, మెల్లగ రాస్తే సిరా అంటది. మా ఆయన హాల్లకెళ్లి, "ఏం జేస్తున్నవ్?" అన్నడు.

"బడి పని."

"నేను రావాల్నా?"

"అక్కర లేదు. నాకు తెల్సు."

థిక్ సాక్స్ ఇన్‌సైడ్ అన్నది గద. ఉన్నిసాక్సుల ఒక్కోదాంట్ల ఒక్కో గడ్డ పెట్టి ముడేసిన.

శుక్రవారం గేటు కాడికి పోతే పిల్లలందరు మోకాళ్ల దాంక రబ్బరు బూట్లు తొడుక్కొని వచ్చిండ్రు. వాన లేదు, మబ్బు లేదు. పాపం, వీళ్ల తల్లులు వెదర్ తప్పు చూసిండ్రేమో అనుకున్న.

"హాజ్ అక్షర గాట్ హర్ ఎల్లీస్?" అన్నది మిస్.

నేను సంచి తీసి సాక్సులు రెండు ఆమె చేతుల పెట్టిన. మిస్ పైకెళ్లి వత్తి చూసింది. ముడి ఇప్పింది. గడ్డ చేతిలకు జారింది. అటు తిప్పి, ఇటు తిప్పి, నా బిడ్డ పేరు సదివింది.

"మమ్మీ," అన్నది మా పిల్ల, "దట్స్ గార్లిక్."

"అవు బిడ్డా. ఎల్లీస్. పింక్."

మిస్ మెల్లగ వంగి పక్క పిల్లగాని బూటు మీద వేలు పెట్టింది. "వెల్లీస్," అన్నది. 'వ'ను గట్టిగ పలికింది, నాకోసమే.

అందరి కాళ్లు చూసిన. మళ్ల గడ్డను చూసిన. బురదల తొడిగే బూట్లు. జంట. ఒక సైజు పెద్దవి. పెరిగేది ఎల్లిగడ్డ గాదు, పిల్ల కాళ్లు. అన్ని మాటలు ఒక్కసారే సమజైనయి. భూమి ఇచ్చుకపోతే మంచిగుండు అనిపించింది.

మా పిల్ల నా కోటు గుంజింది. "మమ్మీ, ఐ కాంట్ గో నౌ?"

గప్పుడు సిగ్గు ఎటు పోయిందో ఏమో. మిస్ చెయ్యి పట్టుకున్న. "ప్లీజ్ మిస్. మై మిస్టేక్. షి గో. ప్లీజ్."

మిస్ లోపలికి పోయి ఒక డబ్బ తెచ్చింది. అండ్ల ఒక్క జతనే మిగిలింది. పచ్చవి, రెండు సైజులు పెద్దవి. నిలవాలంటే లోపట మందపు సాక్సులు గావాలె. అవి ఉన్నయి గద మన దగ్గర.

సాయంత్రం పిల్ల బురదల మునిగి, మురుసుకుంట వచ్చింది. "బెస్ట్ డే ఎవర్, మమ్మీ. బట్ మై ఫీట్ స్మెల్ లైక్ పప్పు."

మా ఆయన నవ్వి నవ్వి సోఫల పడ్డడు. పేరు రాసిన ఎల్లిగడ్డలు ఆ రాత్రి పోపుల పడ్డయి. శనివారం పోయి పింక్ బూట్లు కొన్నం.

గప్పటి సంది మిస్ ఏం తెమ్మన్నా నేను 'యెస్, యెస్' అంటలేను. "మిస్, వేర్ ఆర్ ఈట్?" అని అడుగుతున్న, తొడిగేదా తినేదా అన్నట్టు.

నిన్న మిస్ అందరి తల్లులకు చెప్పింది, "మండే, వన్ యాపిల్ ప్లీజ్" అని. చెప్పి, నా దిక్కు తిరిగి, నేను నోరు తెరవకముందే అన్నది:

"ఈట్."